బక్ కన్వర్టర్: ఆటో బ్యాటరీ నుంచి ఫోన్‌కి 5 ఓల్టులు, చెయ్యి కాలకుండా

మా బాబాయి మియాపూర్‌లో ఆటో నడుపుతాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్‌లో మ్యాప్, రైడ్ యాప్, మధ్యలో డబ్బులు పడ్డ సౌండ్లు, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది. "నువ్వు ఎలక్ట్రానిక్సే కదరా చదివింది, బండికి ఒక ఛార్జింగ్ పాయింట్ పెట్టలేవా" అన్నాడు. పెట్టాను. ఓల్టేజ్‌ని 5కి దించే 7805 ఐసీ ఒకటి, రెండు కెపాసిటర్లు, హీట్‌సింక్ పేరుతో చిన్న అల్యూమినియం ముక్క. రెండో రోజు సాయంత్రం ఫోన్ చేశాడు, "ఏరా, నువ్వు పెట్టింది ఛార్జరా ఇస్త్రీపెట్టా? ముట్టుకుంటే చుర్రుమంటోంది, ఫోన్ మాత్రం ఎక్కట్లేదు" అని.

తప్పు నాదే. 7805 చేసే పని ఏంటంటే ఎక్కువైన ఓల్టేజ్‌ని తన ఒంటి మీదే కాల్చేసుకోవడం. బండి స్టార్ట్‌లో ఉంటే బ్యాటరీ దగ్గర 14 ఓల్టులు ఉంటాయి, ఫోన్‌కి ఇచ్చేది 5, మిగిలిన 9 ఐసీ మీదే పడతాయి, ఒక ఆంపియర్ లాగితే 9 వాట్లు వేడి అన్నమాట. ఫోన్‌కి వెళ్ళేది 5 వాట్లు. ఇంట్లో ఒక ఎల్ఈడీ బల్బు తాగేంత పవర్ మొత్తం గోరంత ఐసీలో వేడిగా మారుతుంటే అది ఎంతసేపు తట్టుకుంటుంది, లోపలున్న థర్మల్ రక్షణ వల్ల తనే ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఫోన్ ఎక్కకపోవడానికి కారణం అదే.

దీనికి మందు బక్ కన్వర్టర్, అంటే ఎక్కువ ఓల్టేజ్‌ని వేడిగా కాల్చేయకుండా తక్కువకి దించే సర్క్యూట్. నెట్‌లో వెతికితే "స్విచ్ ఆన్ ఆఫ్ చేస్తుంది, ఓల్టేజ్ తగ్గుతుంది" అని రెండు లైన్లలో తేల్చేస్తారు, చదివాక అర్థమైనట్టే ఉంటుంది కానీ మాడ్యూల్ (షాపులో రెడీమేడ్‌గా దొరికే చిన్న బోర్డు) చేతిలో పట్టుకుంటే ఆ కాయిల్ ఎందుకు, ఆ డయోడ్ ఎందుకు, ఏది ఎంత వేడెక్కాలి ఏదీ తెలియదు. నా లెక్కలో అసలు విషయమంతా స్విచ్ ఆఫ్ అయిన ఆ కాసేపట్లో ఉంది. అది పట్టుకుంటే మిగతాది మీరే చెప్పుకోగలరు.

ముందు స్విచ్ సంగతి చూద్దాం. పాత ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా, గోడ మీద ఇంత డబ్బా, ఫ్యాన్ ఒకట్లో పెడితే డబ్బా వెచ్చగా అయ్యేది, లోపల రెసిస్టర్‌గా చుట్టిన వైరు ఉండేది. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు స్విచ్ సైజులో ఉంటాయి, పెద్దగా వేడెక్కవు, ఎందుకంటే అవి కరెంటుని అడ్డుకుని కాల్చవు, కోసి కోసి ఇస్తాయి. మంచి స్విచ్ పూర్తిగా ఆన్‌లో ఉంటే దాని మీద ఓల్టేజ్ దాదాపు ఉండదు, పూర్తిగా ఆఫ్‌లో ఉంటే కరెంటు ఉండదు, వాట్లంటే ఓల్టేజ్ ఇంటూ కరెంటు కాబట్టి రెండు సందర్భాల్లోనూ వేడి దాదాపు సున్నా. 7805 ఎప్పుడూ ఆ రెంటికీ మధ్యలో ఉండిపోతుంది, అదే దాని కష్టం.

సరే, 12 ఓల్టులని టకటకా ఆన్ ఆఫ్ చేస్తే సగటు 5 వస్తుంది. కానీ ఫోన్‌కి సగటుతో పనేముంది, 12 వచ్చిన ఆ క్షణమే చాలు అది పోవడానికి. అయితే ఛార్జ్ దాచుకునే ఒక పెద్ద కెపాసిటర్ పెట్టి సమానం చేసేద్దాం అనిపిస్తుంది, నేను కూడా కాలేజీలో అలాగే అనుకున్నాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. కెపాసిటర్ దగ్గర 5 ఓల్టులు ఉన్నాయి, స్విచ్ వేశారు, అటు 12 ఇటు 5, మధ్యలో 7 ఓల్టులు ఎక్కడ పడాలి? స్విచ్ మీదే, వైర్ల మీదే. కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది, ఆ 7 ఓల్టులూ వేడిగానే పోతాయి. లెక్క వేస్తే 7805లో పోయినంతే పోతుంది, పైగా స్విచ్ కూడా పోతుంది. అంటే ఆ 7 ఓల్టులని వేడి చేయకుండా తన మీద మోసేవాడు ఒకడు మధ్యలో కావాలి. వాడే ఇండక్టర్, మన షాపుల్లో కాయిల్ అనో చోక్ అనో అంటారు.

కుమ్మరి సారె చూసే ఉంటారు. కర్ర పెట్టి నాలుగు తిప్పులు తిప్పి కర్ర పక్కన పెట్టేస్తాడు, బరువున్న చక్రం కాబట్టి అది తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుడులోనే కుండ పని జరిగిపోతుంది, వేగం తగ్గగానే మళ్ళీ కర్ర. ఇండక్టర్‌లో కరెంటు సరిగ్గా ఆ చక్రం వేగం లాంటిది. ఉన్నపళంగా పెరగదు, ఉన్నపళంగా ఆగదు. ఓల్టేజ్ అనేది కర్రతో తోసే బలం, ఎంత బలంగా, ఎంతసేపు తోస్తే అంత వేగం. కాయిల్‌ని కొలిచే మైక్రోహెన్రీలు ఎక్కువుంటే చక్రం బరువు ఎక్కువ అన్నమాట.

ఇప్పుడు అసలు కథ. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇన్‌పుట్ 12 అనుకుందాం. స్విచ్ ఆన్ అయింది, కాయిల్‌కి ఎడమ చివర 12, కుడి చివర అవుట్‌పుట్ కెపాసిటర్, అక్కడ 5. కాయిల్ మీద 7 ఓల్టులు, కరెంటు మెల్లగా పెరుగుతూ పోతుంది, వేడి కాదు, అయస్కాంత క్షేత్రంగా లోపల దాచుకుంటుంది. ఇప్పుడు స్విచ్ ఆఫ్. బ్యాటరీ తెగిపోయింది, కానీ కాయిల్‌లో 2 ఆంపియర్లు పోతున్నాయి, అవి ఆగనంటాయి. ఎటు నుంచి రావాలి ఆ కరెంటు? కాయిల్ తన ఎడమ చివరని తనే కిందకి లాగేస్తుంది, 12లో ఉన్నది సున్నా దాటి ఇంకా కిందకి, మైనస్ అర ఓల్టు దాకా దిగుతుంది, అక్కడ గ్రౌండ్ నుంచి పైకి చూస్తూ కూర్చున్న డయోడ్ (కరెంటుని ఒక్క వైపే పోనిస్తుంది) తెరుచుకుంటుంది, కరెంటు గ్రౌండ్ నుంచి డయోడ్‌లోంచి కాయిల్‌లోకి, కాయిల్ నుంచి ఫోన్‌కి. బ్యాటరీ నుంచి ఒక్క చుక్క రావట్లేదు, అయినా ఫోన్‌కి కరెంటు అందుతూనే ఉంది. ఇదే ఆ ఆఫ్ టైమ్ రహస్యం. ఆ డయోడ్ లేకపోతే కాయిల్ ఆ కరెంటు కోసం ఓల్టేజ్‌ని ఎంతకైనా లాగుతుంది, స్విచ్ పగిలే దాకా.

ఆఫ్‌లో ఉన్నంతసేపు కాయిల్ మీద ఓల్టేజ్ తిరగబడి 5 ఉంటుంది (డయోడ్ అర ఓల్టు ప్రస్తుతానికి వదిలేయండి), కరెంటు తగ్గుతూ వస్తుంది. ప్రతి రౌండ్‌లోనూ పెరిగినంత తగ్గాలి, లేకపోతే కరెంటు పెరుగుతూనో తగ్గుతూనో పోతుంది కదా. అంటే 7 ఇంటూ ఆన్ టైమ్, 5 ఇంటూ ఆఫ్ టైమ్, రెండూ సమానం. ఇది జమాఖర్చు లెక్కే, జమ ఎంతో ఖర్చు అంత. దీన్ని సర్దితే ఆన్ టైమ్ మొత్తం టైమ్‌లో 5 బై 12, అంటే దగ్గర దగ్గర 42 శాతం. దీన్నే డ్యూటీ సైకిల్ అంటారు. పుస్తకంలో "అవుట్‌పుట్ = ఇన్‌పుట్ × డ్యూటీ" అని బట్టీ పట్టిస్తారే, అది ఇక్కడి నుంచి వచ్చింది. ఇందులో లోడ్ ఎంత అనేది లేదు చూడండి, 1 ఆంపియర్ లాగినా 2 లాగినా డ్యూటీ దాదాపు అదే.

అంకెలు వేసి చూస్తే ఇంకా బాగా పడుతుంది. అందరి దగ్గరా ఉండే ఎల్ఎం2596 అనే బక్ కన్వర్టర్ చిప్ సెకనుకి 1,50,000 సార్లు ఆన్ ఆఫ్ అవుతుంది, 150 కిలోహెర్ట్జ్. ఒక రౌండ్ 6.67 మైక్రోసెకన్లు. అందులో ఆన్ 2.78, ఆఫ్ 3.89. ఏడు ఇంటూ 2.78 అంటే 19.4, ఐదు ఇంటూ 3.89 కూడా 19.4, లెక్క సరిపోయింది. మాడ్యూల్ మీద కాయిల్ నెత్తిన 330 అని రాసి ఉంటే 33 మైక్రోహెన్రీలు (చివరి సున్నా సున్నాల సంఖ్య, 470 అంటే 47), ఆ 19.4ని 33తో భాగిస్తే 0.59. అంటే కరెంటు 0.59 ఆంపియర్ల మేర పైకీ కిందకీ ఊగుతుంది. ఫోన్ 2 ఆంపియర్లు లాగుతుంటే కాయిల్‌లో కరెంటు 1.7కి, 2.3కి మధ్య రంపం పళ్ళలాగా ఉంటుంది. ఆ ఊగే 0.59ని అవుట్‌పుట్ కెపాసిటర్ మింగేస్తుంది, ఫోన్‌కి సాఫీగా 2 వెళ్తుంది.

పూర్తిగా మింగదు లెండి. కెపాసిటర్ లోపల కూడా చిన్న రెసిస్టెన్స్ ఉంటుంది, ఈఎస్ఆర్ అంటారు, అది 0.1 ఓం ఉంటే 0.59 ఇంటూ 0.1, దాదాపు 60 మిల్లీఓల్టుల అల అవుట్‌పుట్ మీద కనిపిస్తుంది. ఫోన్ ఛార్జింగ్‌కి ఇదేం లెక్క కాదు. కానీ అదే కెపాసిటర్ ఎండలో ఏళ్ళు గడిచి ఎండిపోయి ఈఎస్ఆర్ అర ఓంకి వచ్చిందనుకోండి, అల 300 మిల్లీఓల్టులు, అప్పుడు మైక్రోకంట్రోలర్ లాంటివి ఊరికే రీస్టార్ట్ అవుతుంటాయి, మనం కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం.

చాలామంది అడిగేది ఇంకోటి, "అన్నా బ్యాటరీ నుంచి 1 ఆంపియర్ మాత్రమే పోతోంది, అవుట్‌పుట్‌లో 2 వస్తోంది, మీటర్ పోయిందా?" మీటర్ బానే ఉంది. బ్యాటరీ ఇచ్చేది ఆన్ టైమ్‌లో మాత్రమే, ఫోన్‌కి అందేది ఎప్పుడూ. 5 ఓల్టులు 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు, ఎల్ఎం2596 12 నుంచి 5కి దించేటప్పుడు దాని డేటాషీట్ ప్రకారమే 80 శాతం ఎఫిషియెన్సీ, అంటే బ్యాటరీ నుంచి 12.5 వాట్లు, 12 ఓల్టుల దగ్గర 1.04 ఆంపియర్లు. పోయేది రెండున్నర వాట్లు. 7805తో 9 వాట్లు పోగొట్టి ఒక్క ఆంపియరే ఇచ్చాం గుర్తుందా.

ఆ 20 శాతం ఎక్కడ పోతుంది అంటే, ఎక్కువ భాగం చిప్ లోపలి స్విచ్‌లో, మిగిలినది డయోడ్‌లో, కాయిల్‌లో. ఎల్ఎం2596 లోపల ఉన్నది పాతకాలం ట్రాన్సిస్టర్ స్విచ్, ఆన్‌లో ఉన్నప్పుడు కూడా దాని మీద ఒక ఓల్టు దాకా పడిపోతుంది. డయోడ్ మీద ఇంకో అర ఓల్టు. ఈ రెండూ కలిపి లెక్కేస్తే నిజమైన డ్యూటీ 42 కాదు, 48 దగ్గర ఉంటుంది. మనం పట్టించుకోనక్కర్లేదు, చిప్ తనే సర్దుకుంటుంది. ఎలాగంటే, అవుట్‌పుట్‌ని రెండు రెసిస్టర్లతో చిన్నది చేసి తన ఫీడ్‌బ్యాక్ కాలికి తెచ్చుకుంటుంది, అక్కడ 1.23 ఓల్టులు ఉండేలా చూసుకోవడమే దాని ఉద్యోగం, తగ్గితే ఆన్ టైమ్ పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. ఆ రెండు రెసిస్టర్లలో ఒకటే మాడ్యూల్ మీద కనపడే నీలం రంగు ప్రీసెట్, స్క్రూ తిప్పితే దాని రెసిస్టెన్స్ మారుతుంది.

మాడ్యూల్ కొనేటప్పుడు

కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే వందలోపే ఇచ్చేస్తారు. మాడ్యూల్ మీద 3 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, నమ్మకండి, హీట్‌సింక్ లేకుండా గాలాడని డబ్బాలో పెడితే నేను 2 దాటనివ్వను. ఇంకో సంగతి, చిప్ మీద 2596 అని అచ్చు ఉన్నంత మాత్రాన అది 2596 అవ్వాలని లేదు. నా దగ్గర ఒక లాట్‌లో రెండింటికి స్కోప్ (ఓల్టేజ్ ఎలా ఊగుతుందో గీసి చూపించే ఆసిలోస్కోప్) పెడితే 150 బదులు 50 చిల్లర కిలోహెర్ట్జ్ చూపించాయి. తేడా ఏంటంటారా, మన జమాఖర్చు లెక్కలోనే ఉంది, రౌండ్ మూడు రెట్లు పొడుగైతే కరెంటు ఊగడం కూడా మూడు రెట్లు, 0.59 బదులు దాదాపు 1.8 ఆంపియర్లు, లోడ్ 2 ఉంటే శిఖరం 2.9కి పోతుంది. కాయిల్ లోపలి ఫెర్రైట్ అంత తట్టుకోలేక శాచురేట్ అయిందంటే దాని బరువు పోయినట్టే, సారె ఉన్నట్టుండి ఖాళీ డబ్బా అయినట్టు, కరెంటు ఒక్కసారిగా పైకి లేస్తుంది, చిప్ తన కరెంటు లిమిట్‌లో పడి కొట్టుకుంటుంది.

స్కోప్ లేనివాళ్ళకి ఒక చిట్కా. పాత ఏఎం రేడియో ఉంటే దగ్గర పెట్టండి. ఈ స్విచింగ్ 150తో ఆగదు, దాని రెట్లన్నీ కూడా ఉంటాయి, 600, 750, 900, అలా. ఆకాశవాణి హైదరాబాద్ 738 మీద ఉండేది, దాన్ని కాస్త జరిపితే 750 దగ్గర రొద మొదలవుతుంది. ఫ్రీక్వెన్సీ 50 అయితే ఆ రొద ఇంకా దగ్గర దగ్గరగా, ప్రతి 50కి ఒకటి వస్తుంది. లెక్క కచ్చితం కాదు, కానీ నకిలీదో అసలుదో చాలాసార్లు తెలిసిపోతుంది. రిపుల్‌ని, అంటే ఇందాక చెప్పిన అలని, మాత్రం మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో పెట్టి కొలవకండి, మామూలు మీటర్లు ఇంట్లో 50 హెర్ట్జ్ కరెంటు కోసం చేసినవి, 150 కిలోహెర్ట్జ్ దగ్గర అవి చెప్పేది సోదే.

సెట్ చేయడం, ఇక్కడే ఫోన్లు పోతాయి

ఏది ఏమైనా ఫోన్ తగిలించకుండా ముందు ఓల్టేజ్ సెట్ చేయాలి. కొత్త మాడ్యూల్ ప్రీసెట్ ఎక్కడ ఉంటుందో ఎవడికీ తెలీదు. 12 ఓల్టుల అడాప్టర్ ఇన్‌పుట్‌కి, మీటర్ అవుట్‌పుట్‌కి. చాలాసార్లు 11 చిల్లర చూపిస్తుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్ మీద ఇత్తడి స్క్రూని ఎడమకి తిప్పుతారు, ఒక రౌండ్, ఏమీ మారదు, రెండు, మూడు, మీటర్ అదే 11 చిల్లర, అప్పుడు అందరూ "మాడ్యూల్ డెడ్" అని షాపుకి వాపస్ తీసుకెళ్తారు. కంగారు పడకండి. నా మాడ్యూల్‌లో ప్రీసెట్ 10 కిలోఓంలు, కింద ఫిక్స్‌డ్ రెసిస్టర్ 330 ఓంలు. ప్రీసెట్ సగంలో ఉంటే, అంటే 5 కిలోఓంలు, అది అడిగే ఓల్టేజ్ 1.23 ఇంటూ (1 + 5000 బై 330), దాదాపు 20 ఓల్టులు. ఉన్నదే 12, 20 ఎక్కడి నుంచి తెస్తుంది పాపం, స్విచ్ మొత్తం ఆన్‌లో పెట్టి ఉన్నదంతా పంపిస్తుంది. ప్రీసెట్ 2.6 కిలోఓంల కిందకి వస్తే గానీ మీటర్ కదలదు. ఈ ప్రీసెట్లు ఆ చివర నుంచి ఈ చివరకి 25 రౌండ్లు, అంటే మొదటి ఆరు రౌండ్లు ఉత్త తిరుగుడే. ఆ తర్వాత ఒక్కసారిగా గబగబా దిగుతుంది, 5 ఓల్టుల దగ్గర కావాల్సింది 1 కిలోఓం మాత్రమే, అక్కడ పావు రౌండ్ తిప్పినా లెక్కేస్తే 0.37 ఓల్టు మారుతుంది, కాబట్టి చివర్లో ఊపిరి బిగబట్టి తిప్పాలి. నేను 5.1 దగ్గర ఆపుతాను, యూఎస్‌బీ 5.25 దాకా ఒప్పుకుంటుంది, కేబుల్‌లో కొంత పోతుంది కదా. సెట్ అయ్యాక ఆ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్, ఆటో కుదుపులకి కదలకుండా.

నెయిల్ పాలిష్ మాట నవ్వులాటకి కాదు. ప్రీసెట్ లోపల కాంటాక్ట్ వదులై తెగిందంటే ఫీడ్‌బ్యాక్ కాలికి సున్నా వస్తుంది, చిప్ "అయ్యో అవుట్‌పుట్ పడిపోయింది" అనుకుని స్విచ్ పూర్తిగా తెరిచేస్తుంది, బ్యాటరీ 14 ఓల్టులు తిన్నగా ఫోన్‌లోకి. లోపలి స్విచ్ షార్ట్ అయినా ఇదే ఫలితం. బక్ కన్వర్టర్ పోతే ఒంటరిగా పోదు, వెనకున్నదాన్ని కూడా తీసుకుని పోతుంది. అందుకే అవుట్‌పుట్ మీద 5 ఓల్టుల టీవీఎస్ డయోడ్ ఒకటి, ఇన్‌పుట్‌లో 2 ఆంపియర్ల ఫ్యూజ్ ఒకటి పెడతాను. ఓల్టేజ్ ఎగబాకితే టీవీఎస్ దాన్ని పట్టి ఉంచుతుంది, అవసరమైతే తనే షార్ట్ అయి చస్తుంది, ఫ్యూజ్ ఎగిరిపోతుంది. అదయ్యేది పది రూపాయల ఖర్చు, ఫోన్ ఎంతో మీకు తెలుసు.

సెట్ చేశాక లోడ్ టెస్ట్. 4.7 ఓంలు 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు రెండు పక్కపక్కన కలిపితే 2.35 ఓంలు, 5 ఓల్టులకి 2.1 ఆంపియర్లు లాగుతాయి. ప్లాస్టిక్ టేబుల్ మీద పెట్టకండి, నేల టైల్ మీద పెట్టండి, అవి మసిలిపోతాయి. పావుగంట ఆగి చిప్ మీద వేలు పెట్టి చూడండి, ఐదు సెకన్లు ఉంచగలిగితే బానే ఉన్నట్టు. డయోడ్ కూడా అలాగే. కాయిల్ అన్నిటికంటే వేడిగా ఉంటే ఆ కాయిల్ చిన్నది, ఆ మాడ్యూల్‌తో 2 ఆంపియర్ల ఆశ వదులుకోండి.

బండిలో బిగించడం

ఇన్‌పుట్ ప్లస్ ఇగ్నిషన్ కీ తర్వాత ఉన్న వైరు నుంచి తీసుకోండి, నేరుగా బ్యాటరీ నుంచి తీస్తే ఫోన్ లేకపోయినా చిప్ 5 మిల్లీఆంపియర్లు, దాని మీద ఎల్ఈడీ ఇంకొన్ని, రాత్రంతా తాగుతూనే ఉంటాయి, బండి వారాల తరబడి ఆపితే సెల్ఫ్ కొట్టకపోవచ్చు. ఫ్యూజ్ బ్యాటరీ వైపు మొదట్లోనే ఉండాలి, మాడ్యూల్ దగ్గర కాదు, మధ్యలో వైరు బాడీకి ఒరుసుకుంటే కాపాడాల్సింది అదే కదా. ఎల్ఎం2596 ఇన్‌పుట్ 40 ఓల్టుల దాకా ఓకే అని ఉన్నా బండి కరెంటులో హారన్, స్టార్టర్ ఆగినప్పుడల్లా స్పైక్‌లు లేస్తాయి, వాటి కోసం ఇన్‌పుట్ మీద 1.5కేఈ27ఏ అనే టీవీఎస్ వేశాను, 37 చిల్లర దగ్గర పట్టేస్తుంది. తీగలు తారుమారు చేసే మెకానిక్‌ల కోసం వరసలో ఒక డయోడ్.

ఈ వరస డయోడ్‌కి 1ఎన్4007 లాంటి మామూలు రకమే, కాకపోతే 3 ఆంపియర్లది పెట్టొచ్చు (4007 ఒక ఆంపియర్‌దే), ఇక్కడ డీసీ, అటూ ఇటూ మారేది లేదు. కానీ మాడ్యూల్ మీదున్న ఎస్ఎస్34 డయోడ్ పోతే దాని బదులు 4007 పెట్టకండి, నేను పెట్టాను కాబట్టి చెప్తున్నా. రాత్రి పదకొండింటికి డయోడ్ విరిగింది, షాపులు లేవు, డబ్బాలో 4007లు బోలెడు, అంటించేశాను. ఓల్టేజ్ కూడా వచ్చింది, మురిసిపోయాను. రెండు నిమిషాల్లో గదంతా కాలిన వాసన. 4007 మన 50 హెర్ట్జ్ కరెంటు కోసం పుట్టింది, దాన్ని ఆఫ్ అవ్వమంటే అవ్వడానికి మైక్రోసెకన్లు పడుతుంది. మన ఆన్ టైమ్ మొత్తమే 2.78 మైక్రోసెకన్లు. స్విచ్ ఆన్ అయింది, డయోడ్ ఇంకా ఆగలేదు, 12 ఓల్టులు స్విచ్‌లోంచి డయోడ్‌లోంచి తిన్నగా గ్రౌండ్‌కి, సెకనుకి లక్షన్నర సార్లు. అక్కడ షాట్కీ డయోడే ఉండాలి, అది వెంటనే ఆగిపోతుంది, పైగా దాని మీద పడే ఓల్టేజ్ కూడా తక్కువ.

ఇంకా మంచిది ఆ డయోడ్‌నే తీసేసి అక్కడ కూడా ఒక స్విచ్, మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్, పెట్టడం. సింక్రనస్ అంటారు. డయోడ్ మీద ఎంత కరెంటు పోయినా అర ఓల్టు పోవాల్సిందే, 3 ఆంపియర్ల దగ్గర ఆఫ్ టైమ్ లెక్కతో 0.87 వాట్లు. 20 మిల్లీఓంల మాస్‌ఫెట్ అయితే 0.1 వాటు. మీ కంప్యూటర్ మదర్‌బోర్డ్‌లో 12 నుంచి ఒక ఓల్టు చిల్లరకి దించేవి ఇవే, అక్కడ అవుట్‌పుటే ఒక ఓల్టు ఉంటే అర ఓల్టు డయోడ్‌కి ఇచ్చే స్తోమత ఎవరికుంది. రెండు స్విచ్‌లూ ఒకేసారి ఆన్ అవ్వకుండా మధ్యలో చిన్న విరామం పెట్టాలి, లేకపోతే మళ్ళీ నా 4007 కథే. ఎంపీ2307 చిన్న మాడ్యూల్స్ ఇలాంటివే, 340 కిలోహెర్ట్జ్, కాయిల్ కూడా బుల్లిది. కాకపోతే వాటి ఇన్‌పుట్ 23 ఓల్టులే, బండికి నేను వాడను.

ఛార్జింగ్ ఇంకా నెమ్మదిగా ఉంటే కన్వర్టర్‌ని తిట్టకండి, యూఎస్‌బీ సాకెట్‌లో మధ్య రెండు డేటా కాళ్ళు చూడండి. వాటిని గాలికి వదిలేస్తే చాలా ఫోన్లు 500 మిల్లీఆంపియర్లు మించి తీసుకోవు. ఆ రెంటినీ కలిపి సోల్డర్ చేస్తే ఇది ఛార్జరే అని తెలుసుకుని 1.5 ఆంపియర్ల దాకా లాగుతాయి. బాబాయి ఫోన్ విషయంలో నేను రెండు గంటలు తల గీక్కున్నది దీనికోసమే.

"ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 12 ఓల్టుల వైఫై రూటర్‌కి ఇది పెట్టొచ్చా" అని కూడా అడుగుతుంటారు. ఎల్ఎం2596తో కుదరదు. బ్యాటరీ 12.7 ఉంటే ఒక ఓల్టు చిప్ మింగి 11 చిల్లర ఇస్తుంది, బ్యాటరీ 11కి పడితే 10. దించడమే తప్ప ఎక్కించడం దీనికి రాదు, దానికి బక్-బూస్ట్ కావాలి. రూటర్ 9 ఓల్టులదైతే నిక్షేపంగా పెట్టుకోండి. ఎలక్ట్రిక్ ఆటోల వాళ్ళు ఇంకా జాగ్రత్త, 48 ఓల్టుల లిథియం బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో 54 దాటుతుంది, దీనికి తగిలిస్తే టప్ మని ఒక్క శబ్దం, అంతే.

బాబాయి ఆటోలో ఇప్పటికి రెండు ఎండాకాలాలు గడిచాయి, డబ్బా ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు, వెనక ప్యాసింజర్లకి కూడా రెండు పాయింట్లు కావాలంట. మూడు పాయింట్లు కలిపితే 4.5 ఆంపియర్లు, 2596 వల్ల కాదు, ఎక్స్ఎల్4015 మాడ్యూల్ తెచ్చాను, 5 ఆంపియర్లని రాసి ఉంది, ఇన్‌పుట్ 36 దాకా, కాబట్టి పాత టీవీఎస్ తీసేసి ఇంకాస్త తక్కువది వేయాలి, ఫ్యూజ్ 3 ఆంపియర్లు. ప్రస్తుతం టైల్ మీద సిమెంట్ రెసిస్టర్లతో మసులుతోంది, చిప్ మీద వేలు మూడు సెకన్లే ఆగుతోంది, హీట్‌సింక్ పెద్దది కోయాలి.